చప్పుడు చేయని గొళ్ళెం

విమానం లోపల అమర్చే సరంజామా ప్రదర్శన అది. సీట్లవాళ్లు, తివాచీలవాళ్లు, దీపాలవాళ్లు ఒకే కప్పు కింద అరుస్తున్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినవాళ్లున్నారు గానీ, శంఖాల మధ్య మౌనం అమ్మబోయింది మేమే.

గొళ్ళెం మా అక్కది. కంపెనీకి బుర్ర తను, నోరు నేను. సీట్ల పైన సామాన్లు పెట్టే అర మూత ఎంత విసురుగా వేసినా కింద కునుకు తీసేవాడు ఉలిక్కిపడకూడదని మూడేళ్లు దానిమీదే కూర్చుంది. ఈ మూడు రోజుల్లో ఒక్క విమాన సంస్థయినా పరీక్షకు తీసుకోకపోతే మళ్లీ ఇనప గేట్ల గడియలే గతి అని భాగస్వాములు తేల్చేశారు.

రెండు రోజులు ఆ మూత గురించి మూతి వాచేలా అరిచాను. వచ్చినవాళ్లు మూత వేసి, చెవి ఆనించి, పక్క స్టాలు పాటలు విని పోయారు. మూడో రోజు మధ్యాహ్నం ఒక విమాన సంస్థ కొనుగోలు అధికారిణి ఆగింది. ఈ గోలలో ఏదీ వినపడదు కదా, మీ గొళ్ళెం సంగతి ఎలా నమ్మమంటారని అడిగింది. నేను గొంతు సవరించుకున్నాను.

"ఒరేయ్, ముందు నీ నోటికి గడియ పెట్టు," అంది అక్క. "మేడమ్, వినొద్దు. చూడండి."

పోల్చడానికి తెచ్చిన పాత రకం అర మీద గ్లాసు పెట్టి, అంచుదాకా నీళ్లు నింపింది. మూత వేయగానే సగం నా చొక్కా మీదికొచ్చాయి. చొక్కాతోపాటు నేనూ చల్లబడ్డాను. మళ్లీ నింపి, మా అర మీద పెట్టి మూత వేసింది. అక్కడా తొణికాయి. గడియ మా చేతిలో ఉన్నా గడియారం ఆవిడ చేతికుంది. ఒకసారి దానివంక చూసుకుంది.

అక్క కంగారు పడలేదు. వంగి, అరలు పెట్టిన బల్ల కాలు కదిపి చూసింది. అది ఊగుతోంది. నా జేబులోంచి విజిటింగ్ కార్డులన్నీ లాగి, మడిచి, కాలి కింద దూర్చింది. మూడు రోజుల్లో అవి పనికొచ్చింది అప్పుడే. గ్లాసు మళ్లీ నింపింది.

"ఈసారి మీరే వేయండి. మూడు గంటలు ఆలస్యమైన విమానం ఎక్కినవాళ్లు వేసినట్టు."

ఆవిడ వేసింది. నీళ్లు వణికాయి, ఒలకలేదు. పదకొండుసార్లు వేసింది, చివరిసారి రెండు చేతులతో.

"పరీక్షకు రెండు పంపండి," అంది. "మీ కార్డొకటి ఇవ్వండి."

కార్డులన్నీ బల్ల కిందే ఉన్నాయి. బల్ల ఎత్తాలంటే గ్లాసు తీయాలి. అక్క దాన్ని తీసి గటగటా తాగేసింది. పొద్దున్నుంచి తను తాగిన మొదటి నీళ్లవి. తర్వాత బల్ల ఎత్తి పట్టుకుంది. నేను వంగి ఒక కార్డు లాగి, మడత విప్పి, చొక్కాకి తుడవబోయి, చొక్కా తడిదని గుర్తొచ్చి, అలాగే ఇచ్చాను. ఒక్క మాటా మాట్లాడలేదు.