మొదటి గడి

"అన్నిటికీ బాగుందనే పెట్టు. మన ఇంటి గోల వాళ్ళకెందుకు?" అని బండి దిగకుండానే విందార్తికి చెప్పి వెళ్ళిపోయాడు ఆమె భర్త పర్యోనో. ఆస్పత్రి గేటు దాకా దింపడంతో అతని వంతు అయిపోయింది. మూడేళ్ళ కూతురు లింతాంగ్‌ను చంకనేసుకుని విందార్తి కాలిన పిల్లల విభాగంలో బల్ల మీద కూర్చుంది. ఎప్పటిలాగే నాలుగు పేజీల కాగితం, పెన్సిలు చేతికొచ్చాయి.

పాపకు చెప్పే వయసు లేదు కాబట్టి తల్లే చెప్పాలి. ఈ నెల సరిగా నిద్రపోయిందా, మచ్చలు దురద పెడుతున్నాయా, తోటి పిల్లలతో ఆడుతోందా, కుడిచేత్తో చెంచా పట్టుకుంటోందా. ఒక్కో ప్రశ్నకు ఐదు గళ్ళు. మొదటి గడి 'ఏ ఇబ్బందీ లేదు', ఐదోది 'చాలా ఇబ్బంది'. ఇంతకుముందు వచ్చిన మూడుసార్లూ విందార్తి పైనుంచి కిందిదాకా ఆ గడిలోనే టిక్కులు పెట్టింది. ఈసారీ పెట్టేసింది. లేకపోతే, ఇంత ఆదరంగా చూసే నర్సమ్మ మొహం మీదే మీ వైద్యం పనిచెయ్యలేదని అన్నట్టు కాదూ? వాళ్ళ ఊళ్ళో ఎలా ఉన్నావని అడిగితే బాగున్నాననే అంటారు. చనిపోయే రోజున విందార్తి తల్లి కూడా అలాగే అంది.

ఇంకో కారణం కూడా ఉంది. ఇంట్లో టోఫు, అంటే సోయాపాల పనీరు, చేస్తారు. సోయాగింజలు నానబెట్టడం, రుబ్బడం, పొయ్యిలో కట్టెలు ఎగదోయడం, మరిగే పాలు గుడ్డలో వడగట్టడం విందార్తి పని. సంతలో అమ్మేది పర్యోనో కాబట్టి ఊరంతా టోఫు పర్యోనో అంటారు. పాప నడక నేర్చిన రోజు నుంచీ పొయ్యిల ముందు ఒక తడిక కట్టించమని అడిగింది. బకెట్లు తిప్పడానికి అడ్డమన్నాడు. మరిగే పాలు పాప మీద ఒలికిన రోజు మాత్రం అత్తగారు కోడలినే అడిగింది, "కన్నదానివి, కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావే?" అని. ఇప్పటికీ ఇంటికొచ్చినవాళ్ళకు టీ ఇస్తూ అదే మాట, నవ్వుతూ. వినీ వినీ విందార్తీ నమ్మేసింది. పాప బాగుందని టిక్కు పెట్టినప్పుడల్లా తన తప్పు కాస్త తరిగినట్టు అనిపించేది.

నర్సు రత్మి కాగితం తీసుకుని తిప్పి చూసింది.

"మీ పాపకి ఎప్పుడూ మంచి మార్కులేనమ్మా. వేళ్ళ ఆపరేషన్‌కి చాలామంది కాచుకునున్నారు, ఇబ్బంది ఎక్కువున్న పిల్లలకి ముందు చేస్తారు. లింతాంగ్ పేరు కిందికి జరుపుతున్నారు. ఇక ఏడాదికోసారి రండి చాలు."

విందార్తి అలవాటుగా కృతజ్ఞతలు చెప్పింది. రత్మి ఒక బిస్కెట్టు తీసి పాప ముందు పెట్టింది. లింతాంగ్ ఎడమచెయ్యి చాచబోయి, చటుక్కున వెనక్కి దాచుకుంది. ఎడంచేత్తో ఏం తీసుకున్నా నానమ్మ వేళ్ళ మీద కొడుతుంది. కుడిచేతి వేళ్ళు అరచేతికి అతుక్కుపోయి తెరుచుకోవు. బిస్కెట్టు అలాగే ఉంది. పాప మోచేతిని బల్ల అంచుకేసి రుద్దుకుంటోంది.

"దురదగా ఉందా బంగారం?" అంది రత్మి.

లింతాంగ్ తల్లి మొహం వైపు చూసింది. తర్వాత నవ్వింది. "లేదు. బాగుంది."

ఆ గొంతు విందార్తిదే. ఆమె తల్లిది కూడా. ఇంత చిన్న నోటికి ఆ మాట ఎవరు నేర్పారో అడగాల్సిన పని లేదు.

విందార్తి బిస్కెట్టు తీసి పాప ఎడమచేతిలోనే పెట్టింది.

"ఆ కాగితం ఇలా ఇవ్వండి నర్సమ్మా. రబ్బరు కూడా."

"ఏది మార్చాలి?"

"అన్నీ. పాత మూడూ తెప్పించండి, అవీ అబద్ధాలే."

చెరిపి మళ్ళీ మొదలుపెట్టింది. నిద్ర, ఐదో గడి. దురద, ఐదో గడి. చెయ్యి, ఐదో గడి. ఆఖరి పేజీలో, ఇంకేమైనా చెప్పాలనుకుంటే అని నాలుగు ఖాళీ గీతలున్నాయి. ఆ గీతలు ఉన్నాయని ఇన్నాళ్ళూ ఆమె చూడనే లేదు. పెన్సిలు గట్టిగా ఒత్తి రాసింది:

'తడిక కట్టించమని అడిగాను. కట్టించలేదు.'