రాగిరేకు మీద జలపాతం

హిల్లె రాగిరేకును కుంపటి మీద వెచ్చబెట్టి, సన్నని గీతల్లోకి దిగేలా తోలుముద్దతో సిరా అద్దుతోంది. ఆ తర్వాత గుడ్డతో ఒకసారి, సుద్దపొడి రాసుకున్న అరచేత్తో మరోసారి తుడవాలి. పైపైన తుడిస్తే అచ్చు మసకబారుతుంది, గట్టిగా తుడిస్తే గీతల్లోని సిరా కూడా వచ్చేస్తుంది. తండ్రి పోయినప్పటినుంచీ హాలెండులోని హార్లెం ఊళ్లో ఆ అచ్చుగదిలో ఆమెది అదే పని. అరచేయి గవ్వలా నున్నబడింది. గోళ్ల కింద నలుపు ఎంత తోమినా పోదు.

ఇప్పుడు చేతిలో ఉన్నది జలపాతం. ఉత్తరదేశాలు తిరిగొచ్చిన చిత్రకారుడు చెక్కాడు. బండల మీంచి దూకే నీళ్లు, విరిగి అడ్డంపడిన దేవదారు, ఒడ్డున చీమంత మనిషి. బల్లపరుపు నేల తప్ప ఎరగని ఊరివాళ్లు ఎగబడి కొంటున్నారు.

నార్వే నుంచి కలప తెచ్చే ఫొప్పె పడవ నదిలో ఆగి ఉంది. భార్య పోయిన మనిషి. ఓ ఆదివారం చర్చి మెట్ల మీద హిల్లె చేతులు చూసి, "నావి తారు, నీవి సిరా. సరిపోయాం పో!" అని నవ్వాడు. పెళ్లాడి తనతో నార్వే వచ్చెయ్యమన్నాడు.

"అన్నయ్యా, ఫొప్పె ఇవాళే బయల్దేరుతున్నాడు."

యోరిస్ అచ్చుయంత్రం చక్రాన్ని లాగుతూనే ఉన్నాడు. "వెళ్లనీ. మళ్లీ రాడా ఏంటి? ముందీ పని తెమలనీ."

"పోయినేడూ ఇదే అన్నావు."

"అంటాను మరి! నీలాంటి చెయ్యి ఇంకోటి ఎక్కణ్నుంచి తేను? అయినా అంత దూరం దేనికే? నీళ్లు చూడాలనుందా? రోజూ చూస్తూనే ఉన్నావుగా!"

చెడ్డవాడు కాడు. పెద్ద చేపముక్క ఎప్పుడూ చెల్లెలి పళ్లెంలోనే వేస్తాడు. జ్వరమొస్తే మంచం పక్కనే కూర్చుంటాడు. అందుకే అతన్ని ఎదిరించి ఒక్క మాట అనడం ఆమెకు ఇన్నేళ్లూ చేతకాలేదు. అచ్చుకని తడిపి ఉంచిన కాగితాల దొంతర మీద గుడ్డ సర్దింది.

రేవులో గంట మోగింది.

హిల్లె తోలుముద్ద కింద పెట్టింది. తొట్టిలో చేతులు కడుక్కుని శాలువా కప్పుకుంది.

"ఎక్కడికే?"

"వెళ్తున్నానన్నయ్యా."

"తొందరగా రా. కాగితం ఆరిపోతుంది."

"రాను."

కిర్రుమనే యంత్రం చప్పుడులో ఆ మాట అతనికి వినబడలేదు. ఆమె గుమ్మంలో ఒక్క క్షణం నిలబడింది. అతను వంగి, అచ్చుపడిన కాగితాన్ని జాగ్రత్తగా పైకి లేపుతున్నాడు. ఆమె తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

"హిల్లే! తర్వాతది అందించు."

యోరిస్ వెనక్కి తిరిగి చూశాడు. కుంపటి మీద రాగిరేకు ఉంది. అంచునుంచి అంచుదాకా తుడవని సిరా, బండలూ లేవు, నీళ్లూ లేవు, ఇంకా వెచ్చగా ఉన్న ఒట్టి నల్లని పలక.