ఫ్లెక్సీ కింద నంబరు

నా ఫోన్ నంబరు కావాలంటే నన్ను అడగక్కర్లేదు. మిర్యాలగూడలో ఏ సందులో నిలబడి తలెత్తినా ఏదో ఒక ఫ్లెక్సీ కనిపిస్తుంది. దాని కింద కుడిమూలన చిన్న అక్షరాల్లో "డిజైన్: సౌమ్య" అని, పక్కనే నంబరు ఉంటుంది. నా దుకాణమూ అదే, నా బోర్డూ అదే. సూర్యాపేటలో ఫ్లెక్సీల షాపులో జీతానికి చేసినన్నాళ్లూ నా ప్రతి డిజైన్ కిందా ఓనరు పేరే పడేది. సొమ్మొకడిది, సోకొకడిది. ఇక చాల్లే అని మానేశాను. ఇప్పుడు ఇంట్లోనే లాప్‌టాప్ ముందు కూర్చుని డిజైన్ చేసి ప్రెస్సుకు పంపుతాను. ప్రచారానికి పైసా ఖర్చు లేదు. పెళ్లి ఫ్లెక్సీ చూసినవాళ్లు ఓణీల ఫంక్షన్‌కు ఫోన్ చేస్తారు, అది చూసినవాళ్లు చర్చి కూడికలకు చేస్తారు. అలా అలా కోదాడ దాకా పాకింది.

పోయిన నెల మా వైపు లీడర్ ధనుంజయ్ పుట్టినరోజు వచ్చింది. నిడమనూరు దాకా రోడ్డు పొడుగునా ఆయన ఫ్లెక్సీలే కట్టాలన్నారు. "పేదల పెన్నిధి, పిలిస్తే పలికే నాయకుడు" అని నేనే రాశాను. ఆయనకు తెగ నచ్చింది.

"కింద నీ నంబరు ఎయ్యాలె కదన్నా?" అని అడిగాను.

"వద్దు చెల్లె. నంబరేస్తే జనం పరేషాన్ చేస్తరు. నీదుంటది కదా, సాలు," అన్నాడు.

నేను మురిసిపోయాను. అంత పొడుగు రోడ్డుకు నా నంబరు ఊరికే! నా పాడు బుర్రకు అంతకుమించి ఏమీ తట్టలేదు.

తెల్లారి నుంచి మొదలైంది గోల. పింఛను రాలేదని ఒకరు, మురికినీళ్ల మోరీ పొంగిందని ఒకరు. ఫ్లెక్సీ మీద ఉన్నది ఒక్కటే నంబరాయె, నాయకుడిదే అనుకున్నారు. ఆడగొంతు వినపడగానే "మేడమ్, సారుకు ఫోన్ ఇయ్యుండ్రి" అంటారు. నేను డిజైనర్‌ను మొర్రో అంటే, "పెద్దోళ్ల దగ్గర పనిజేసెటోళ్లు గిట్లనే అంటరు" అని నన్నే తిట్టి పెట్టేస్తారు.

అందరిలోకీ వదలనిది మంగ్లీ అనే ముసలమ్మ. నిడమనూరు పక్క తండా ఆమెది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి మోటార్లు నడవడం లేదట, పొట్టకొచ్చిన వరి ఎండుతోందట. పొద్దునా చేసేది, ఎండపూటా చేసేది. ఒకరోజు ఆమెతో వాదులాడుతుండగానే కోదాడ నుంచి పెళ్లివాళ్లు చేశారు. నిశ్చితార్థం నుంచి రిసెప్షన్ దాకా అంతా నాకే ఇద్దామనుకున్నారట. నేను తిరిగి చేసేసరికి, "ఎంతసేపు చేసినా ఎత్తట్లేదండీ. వేరేవాళ్లకి ఇచ్చేశాం," అన్నారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. వెంటనే మంగ్లీకి ఫోన్ చేసి దులిపేశాను.

"నేను లీడర్ను కాదు, లీడర్ పెండ్లాన్నీ కాదు! బొమ్మలు చేసుకొని బతికెటిదాన్ని! నీ వల్ల నా నోటికాడి కూడు పాయె. ఇంకోసారి చేసినవంటే ఊకోను!"

ఆమె తిరిగి తిట్టలేదు. "నాకు సదువు రాదు బిడ్డా," అంది. "మా కోడలు సదివి సెప్పింది, పిలిస్తే పలుకుతడని రాసిండ్రంట. గందుకే పిలిసిన. గట్ల రాసినోళ్లెవరో నీకు ఎర్కనా?"

రాసింది నేనే కదా! అప్పటిదాకా ఆమె మీదున్న కోపం నా మీదికి తిరిగింది. నా మీద కూడా ఎంతోసేపు నిలవలేదు. చెప్పులేసుకుని ధనుంజయ్ ఇంటికి పోయాను.

ఆయన సోఫాలో కూర్చుని అంతా విని నవ్వాడు. "ఫ్రీ పబ్లిసిటీ వచ్చింది కదా, ఇంకేం గావాలె? ఒక పని చెయ్. ఇగ నుంచి నీ పేరు, నంబరు ఏం ఎయ్యకు. ఏడాది పొడుగునా నా పనులన్నీ నీకే. మంచిగ నోర్మూసుకొని చేస్కో."

"మరి ఆ ట్రాన్స్‌ఫార్మర్ సంగతన్నా?"

"ఎవలదే ఆ ట్రాన్స్‌ఫార్మర్?" అన్నాడు.

ఏ పేరు కోసం సూర్యాపేట షాపు వదిలి వచ్చానో, ఆ పేరే తీసేయమంటున్నాడు. ఏడాది పని అంటే నా ఇంటికి చిన్న మాట కాదు, తెలుసు. కానీ "ఎవలదే" అన్న ఆ మాటకు ఒళ్లంతా మండిపోయింది. లేచి వచ్చేశాను.

నేరుగా ప్రెస్సుకు పోయి ధనుంజయ్ సొంత నంబరుతో స్టిక్కర్లు కొట్టించాను, పెద్ద పెద్ద అంకెలతో. మా తమ్ముడు సంపత్ ఆటో మీద నిచ్చెన కట్టి ఇద్దరం బయలుదేరాం. ప్రతి ఫ్లెక్సీ కిందా నా పేరూ నంబరూ కనపడకుండా, సరిగ్గా వాటి మీదే ఆయన నంబరు అంటించాను. నాకున్న ఒక్క ప్రచారాన్నీ నా చేత్తోనే కప్పేసుకుంటుంటే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అంటించాను, అంటిస్తూనే ఆయన్ని తిట్టాను. సంపత్ నిచ్చెన పట్టుకుని "మెల్లగ అక్కా, మంది ఇంటుండ్రు," అంటే, "విననీరా!" అని వాడి మీదా అరిచాను. తండా దగ్గర ఆఖరిది అంటించి, మంగ్లీ ఇల్లు వెతుక్కుంటూ పోయి, వాళ్ల కోడలి ఫోన్‌లో ఆ నంబరు నేనే ఎక్కించి వచ్చాను.

ఇంకా ఇల్లు చేరనే లేదు, ధనుంజయ్ ఫోన్.

"నా నంబరు రోడ్డు మీదికి ఎట్లొచ్చిందే? పిచ్చి లేసిందా నీకు? పొద్దుగూకేసరికి పీకెయ్యకపోతే ఈ చుట్టుపక్కల ఏ ప్రెస్సు కూడా నీ పని ముట్టది, సూస్కో!"

"ముట్టకపోతే ముట్టకపోనీ. ఫ్లెక్సీల తప్పు పడ్డదన్నా, సరిచేసిన. నా పనిల తప్పొస్తే నేనే దిద్దుత. దానికి పైసలు తీస్కోను."

"నువ్వెంత, నీ బతుకెంత..." అని ఏదో అనబోయి మధ్యలోనే ఆగాడు. "థూ! మల్లొకటి వస్తాంది. గంట సంది ఒకటే మోత!"

"మంగ్లమ్మ అయ్యుంటది," అని ఆటోలోంచి గొంతు చించుకుని అరిచాను. "ఎత్తన్నా, ఎత్తి మాట్లాడు!"