నలభై నాలుగు దాటితే

ఒక్క డిగ్రీ, ఒక్కటంటే ఒక్కటి, నీ సొమ్మేం పోయింది బావా, అంటున్నాడు ఫోన్లో బావమరిది, కూరలో ఇంకో చిటికెడు ఉప్పు వెయ్యమన్నంత తేలిగ్గా, వాడి కొట్లో తొంభై కూలర్లు దుమ్ము కొట్టుకుపోతున్నాయట, రాబోయే ఐదు రోజులూ ఎండ నలభై నాలుగు దాటుతుందని నాలుగింటి సూచనలో ఒక్క ముక్క రాస్తే సాయంత్రానికి కొట్టు ఊడ్చిపెట్టుకుపోతుందట, ఛీ, వాతావరణ కార్యాలయంలో పద్ధెనిమిదేళ్లుగా సూచన రాసి సంతకం పెడుతున్నవాడితో అనే మాటేనా అది, ఎండేమన్నా మా తాత ఆస్తిట్రా అని ఫోన్ పెట్టేశాడు గానీ చెవిలో ఆ జిడ్డు వదల్లేదు, రుమాలుతో తుడుచుకుంటే రుమాలు కూడా కంపే, వీడి అక్క మాత్రం తక్కువ తిందా, పొద్దున బయల్దేరుతుంటే ఎదురొచ్చి చొక్కా గుండీ పెట్టింది, పెళ్లయ్యాక అదే మొదటిసారి, అప్పుడే అనుమానం వచ్చింది, నలభై నాలుగు దాటితే బళ్లు మూస్తారు కదండీ, నా దగ్గర ఐదు కట్టల పేపర్లు దిద్దకుండా పడున్నాయి, మీకు పుణ్యముంటుంది, అంది, పంతులమ్మ కోరాల్సిన కోరికేనా, మెట్ల మీద పైవాటా పెద్దాయన కాపు కాసి మరీ, కొండ మీద చల్లటి గది మాట్లాడుకున్నాం బాబూ, మేం అటెళ్లాక ఇక్కడ వానా గీనా పడదు కదా, పడితే మా డబ్బు బూడిదలో పోసినట్టే, అన్నాడు, అంటే ఆయన గది గిట్టుబాటు కావాలంటే ఊరంతా మాడాలన్నమాట, థూ, ఏం మనుషులు, ఎవరి దగ్గర నిలబడ్డా ఏదో కంపు, తను కాబట్టి ఇన్నేళ్లలో అర డిగ్రీ కూడా అటూ ఇటూ చెయ్యలేదు.

అటెండరు చీటీ తెచ్చి బల్ల మీద పెట్టాడు, థర్మామీటర్ పెట్టెలో నలభై నాలుగున్నర అండీ, అదేంటి, పదిహేను కిలోమీటర్ల అవతలి కేంద్రంలో నలభై ఒకటిన్నరే, నెల్లాళ్లుగా ఇదే వరస, ఈ లెక్క చూసే రెండుసార్లు రెడ్ అలర్ట్ ఇచ్చాడు, రెండుసార్లూ ఎదురు రోడ్డు మీద తారు పోసేవాళ్లని కూలి లేకుండా ఇంటికి పంపేశారు, ఎవడో థర్మామీటర్ పెట్టెని కెలికాడు, బావమరిది గోడ దూకాడేమో, వాడు దూకగలడు, తనే చూస్తానని ఎండలో పడి ఆఫీసు వెనక్కి వెళ్లాడు, చెక్క రెక్కల తెల్ల పెట్టె దగ్గర వంగేసరికి మెడ మీద ఎవరో వేడిగా త్రేన్చినట్టయింది, తిరిగి చూస్తే గోడకి ఏసీ బయటి డబ్బా, సరిగ్గా పెట్టె మొహాన ఊదుతోంది, ఎవడయ్యా దీన్నిక్కడ పెట్టించింది, అన్నం తింటున్నాడా గడ్డి తింటున్నాడా, అని అరిచాడు, మీరేనండీ, అన్నాడు అటెండరు గొడుగు కిందనుంచి, ముందువైపు పెడితే చప్పుడికి మధ్యాహ్నం కునుకు పట్టదన్నారు, పోయిన నెల్లో, అక్కడ పెట్టె ఉంది కదండీ అని నేనన్నాను కూడా, పెట్టెకేమన్నా చెవులున్నాయా అన్నారు.

గదిలో హాయిగా ఉంది, అదే వెగటు, టైము మూడూ ముప్పావు, నెల్లాళ్లుగా మేమిచ్చిన లెక్కలు తప్పు అని రాయాలి, కింద తన సంతకమే పెట్టాలి, పద్ధెనిమిదేళ్ల సంతకం, డబ్బా జరిపించి నోరు మూసుకుంటే అడిగేవాడెవడు, అటెండరు తలుపు దగ్గర నిలబడి గొడుగు మడుస్తున్నాడు, వెధవ, పాపం బావమరిది ఒక్క డిగ్రీ అడిగాడు, ఫోన్ చేసి, బతిమాలి, తను ఎవరూ అడక్కుండానే మూడు డిగ్రీలు ధారపోశాడు, అరగంట కునుకు కోసం, రిమోట్ తీసి ఏసీ ఆపాడు, తప్పు అన్న మాట రాసేలోపే వీపంతా తడిసింది, మొహం తుడుచుకుందామని రుమాలు ముక్కు దాకా తెచ్చి ఆగిపోయాడు, పొద్దుట్నుంచీ వాళ్ల దగ్గరా వీళ్ల దగ్గరా వస్తోందనుకున్న కంపు, తనదే.