మేనత్త నోటి పేరు

నకుసా బస్సు దిగి పుట్టింటికి వచ్చేసరికి వసారాలో పీట వేసి ఉంది. నలభై ఏడేళ్ల బతుకులో ఆ ఇంట్లో ఆమెకోసం పీట వాల్చిన పాపాన ఎవరూ పోలేదు. తమ్ముడు పోపట్ చెంబుతో కాళ్లకి నీళ్లు కూడా తెచ్చాడు. వాడి నాలుగో కూతురు పుట్టి ఇవాళ్టికి పన్నెండో రోజు. పేరు పెట్టాల్సింది మేనత్త. సాతారా పల్లెల్లో ఊయల మీదికి వంగి మేనత్త ఏ పేరు ఊదితే అదే పేరు. ఆ తర్వాత తల్లి నెత్తీనోరూ కొట్టుకున్నా మారదు. ముందు ముగ్గురికీ నకుసాయే పెట్టింది గానీ, అప్పుడు లేని మర్యాద ఇప్పుడొచ్చింది.

నకుసా అంటే అక్కర్లేనిది అని. ఆమెకి ముందు విమల్, కమల్ అని ఇద్దరక్కలు. మూడోదీ ఆడపిల్లే అయ్యేసరికి, ఇక చాలన్న సంగతి దేవుడికి గట్టిగా వినబడాలని ఆ పేరు తగిలించారు. రెండేళ్లకి పోపట్ పుట్టాడు. దేవుడు విన్నాడని ఊరంతా ఒప్పుకుంది. పుట్టినవాడు పెరిగి ఏం ఉద్ధరించాడో ఎవరూ అడగలేదు. పొద్దున కిళ్లీకొట్టు, సాయంత్రం పేకాట, మధ్యలో పెళ్లాం మీద అరుపులు.

ఆ పేరు వదుల్చుకునే అవకాశం ఒక్కసారి వచ్చింది. అక్కడ పెళ్లిలో మొగుడు పళ్లెంలో బియ్యం పరిచి, ఉంగరంతో పెళ్లానికి కొత్త పేరు రాస్తాడు. అక్కల పేర్ల పక్కన ఒదిగేలా నిర్మల్ అని రాస్తే బాగుండునని ఆమె ఏళ్లతరబడి అనుకుంది. అతగాడు పళ్లెం పక్కకి నెట్టి, "ఉన్నది చాల్లే, కొత్తది ఎవడికి గుర్తుంటుంది" అన్నాడు. పందిరంతా నవ్వింది.

లోపలి గదిలో మరదలు సుమన్ పిల్లకి పాలిస్తోంది. నకుసాని చూడగానే చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టుకుంది.

"వదినా, పెద్దది గోదావరి, రెండోది ఇంద్రాయణి, మూడోది నీరా. దీనికి కోయనా అని పెట్టు. నలుగుర్నీ వరసగా పిలిస్తే ఒక తల్లి పిల్లలని తెలియాలి."

"అలాగేలే."

"మీ అమ్మ నీ పేరు పెట్టమంటుంది. వినకు."

"ఆ పేరు మోసినదాన్ని నేను. బళ్లో పంతులు హాజరు పిలిస్తే బల్ల కింద దూరాలనిపించేది. నేనే దీని మెడకి కడతానా? కోయనాయే."

సుమన్ అప్పుడు చెయ్యి వదిలింది.

బయట తల్లి చంద్రాబాయి కాచుకుని ఉంది.

"ఏం నూరిపోసింది మహాతల్లి? తాగే నీళ్లకి ఊరంతా ట్యాంకరు దగ్గర కొట్టుకుంటోంది, మనింట్లో మాత్రం మూడు నదులు. నాలుగోది కూడానా? నీ పేరు పెట్టవే. నీకా పేరు పెట్టాకే కదా వీడు నా కడుపున పడ్డాడు."

"మందు చేదైతేనేం అమ్మా, రోగం తగ్గాలి గానీ" అంది పక్కింటి శేవంతాబాయి. వచ్చిన ఆడవాళ్లు పకపకా నవ్వారు.

పోపట్ టీ కప్పు తెచ్చి అక్క చేతికిచ్చాడు. "అక్కా, ఎప్పుడూ చెప్పలేదు గానీ, నువ్వు లేకపోతే నేను లేను. ఆ సంగతి నాకు తెలుసు."

అది అవసరం కొద్దీ అన్న మాటని నకుసాకి తెలియకపోలేదు. తెలిసినా ఆ టీ చివరి చుక్కదాకా తాగింది. అంతమందిలో తమ్ముడు తనని లెక్కలోకి తీసుకోవడం అదే మొదటిసారి.

ఊయలకి బంతిపూలు కట్టారు. పాట అయ్యాక ఆమెని ముందుకి తోశారు. వంగింది. పిల్ల చిన్న నోరు తెరిచి ఆవలించింది. పాల వాసన వేసింది. ఎదురుగా సుమన్ ఊయల తాడు పట్టుకుని ఆమె పెదాలనే చూస్తోంది.

కోయనా అనాలి. అంటే అయిపోతుంది. ఆ తర్వాత వచ్చే ఏడు వీడికి కొడుకు పుడితే? ఎవరికీ ఈ పేరు పెట్టకుండానే పుడితే? మరి నాకెందుకు పెట్టినట్టు? ఉత్తినే పెట్టినట్టా? తమ్ముణ్ణి తెచ్చిన పేరు అనుకుని కదా ఇన్నాళ్లూ మోసింది. ఆ ఒక్కటీ పోతే ఇక మిగిలేదేముంది?

ఆనవాయితీ ప్రకారం పిల్ల చెవిలో కుర్ర్‌మని, పేరు ఊది, నడుం ఎత్తింది.

"నకుసా" అంది అందరికీ వినబడేలా.

చంద్రాబాయి రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెట్టింది. పోపట్ బెల్లం పంచడానికి లేచాడు.

"కోయనా అన్నావుగా అమ్మా?" అని గోదావరి తల్లి చీర లాగింది.

పేరు చెప్పిన మేనత్త వీపు మీద ఆడవాళ్లు సరదాకి నాలుగు గుద్దులు గుద్దడం అక్కడి వాడుక. నకుసాని వంచారు. శేవంతాబాయి గుద్దింది, ఇంకో ఇద్దరు గుద్దారు, నవ్వారు. అందరి వెనకనుంచి సుమన్ వచ్చింది. పన్నెండు రోజుల బాలింత ఒంట్లో అంత బలం ఎక్కడిదో గానీ, ఆ పిడికిలి పడేసరికి నకుసాకి ఊపిరి ఆగింది. ఇంకోటి పడింది. ఇంకోటి.

"ఒసే, ఆటకి కొట్టాలే" అంటూ శేవంతాబాయి సుమన్ చెయ్యి పట్టుకుంది.

నకుసా వంగినచోటే ఉంది.

"వదిలెయ్, కొట్టనీ" అంది.