ఎవరూ అడగని బిడ్డ

అరవై ఒకటో సంవత్సరం వేసవి. కృష్ణపట్నానికి పడమరగా, కండలేరు ఉప్పునీళ్లు పొలాల అంచుదాకా వచ్చే చిన్న పల్లె అది. సాయంత్రమయ్యేసరికి చెంచురామయ్య ఇంటి వసారా ఆడవాళ్లతో నిండిపోయేది. ఒకామె ఎండబెట్టిన వడియాల సంగతి ఎత్తేది. ఇంకొకామె నెల్లూరులో చూసి వచ్చిన సినిమా కథ చెప్పేది. ఆకువక్క నములుతూ, విసనకర్రలు ఊపుకుంటూ పొద్దుగూకేదాకా కూర్చునేవారు. దారిన పోయేవాళ్లు చూస్తే, ఎంత కలివిడిగా ఉన్నారో అనుకునేవారు.

వాళ్ల మధ్య చెవుల్లో దూదితో, తలకు గుడ్డ కట్టుకుని చెంచురామయ్య భార్య రాఘవమ్మ కూర్చుని ఉండేది. పచ్చి బాలెంతరాలు. ఒళ్లో బిడ్డ లేదు. ఆ ఇంట్లో నెలలు నిండిన బిడ్డ ప్రాణం లేకుండా పుట్టి ఇంకా నెల కాలేదు. ఆ సంగతి వచ్చినవాళ్లందరికీ తెలుసు. ఒక్కరూ దాని ఊసు ఎత్తేవారు కాదు.

రాతిగుండెలై కాదు. గుర్తు చేస్తే బాధపడుతుందని. మరిపిస్తే మరిచిపోతుందని. మన ఊళ్లలో మంచి మనసుతోనే ఎంతోమంది చేస్తున్న పని ఇది. దాని కింద ఒక మనిషి ఎలా నలిగిపోయిందో చెప్పడానికే ఈ కథ.

రాఘవమ్మకు తల్లి చిన్ననాడే పోయింది. పుట్టింట్లో పురుడు పోసే దిక్కు లేక కాన్పు అత్తగారింట్లోనే జరిగింది. రెండు రోజులు నొప్పులు పడింది. చివరకు బిడ్డ బయటపడింది గాని ఏడుపు వినపడలేదు. మంత్రసాని పెంచలమ్మ బిడ్డ వీపు తట్టింది, తలకిందులుగా పట్టుకుంది, నీళ్లు చిలకరించింది. మెడకు పేగు చుట్టుకుపోయిందని ఎవరో గొణిగారు.

"ఏడవలేదేంది? అత్తా, బిడ్డ ఏడవలేదేంది?" అని రాఘవమ్మ మోచేతుల మీద లేవబోయింది.

అత్త వెంకటశేషమ్మ మంచానికి అడ్డంగా నిలబడింది. "చూడబాకమ్మే. చూస్తే మనసులో నాటుకపోతాది. కళ్లు మూసుకో."

"మొగబిడ్డా, ఆడబిడ్డా?"

"ఏదైతే ఏందిలేమ్మా ఇప్పుడు," అంది పెంచలమ్మ.

చెంచురామయ్య పెరటి వాకిలి గుండా గంప పట్టుకుని వెళ్లడం మాత్రం ఆమె కంట పడింది. గంప అంచున తన పాత చీర కొంగు వేలాడుతూ ఉంది. అంతే. ఆమె బిడ్డను చూసింది అంతవరకే.

తర్వాత పాలు పడ్డాయి. ఆ మాట ఎవరూ ఆమెకు ముందుగా చెప్పలేదు. రొమ్ములు రాళ్లలా గట్టిపడి, చెయ్యి ఆనితే ప్రాణం పోయేంత నొప్పి పుట్టింది. పాలు ఇంకిపోవడానికి వెంకటశేషమ్మ మల్లెపూలు పోసి గుడ్డతో బిగించి కట్టింది. వాడిన పూల వాసనకు రాఘవమ్మ మొహం పక్కకు తిప్పుకునేది. కన్నీళ్లు పెట్టుకుంటే అత్త కసురుకునేది.

"కళ్లు తెరవని బిడ్డకు ఏడుపేందమ్మే? పెంచి పెద్ద చేసినోళ్లే పోగొట్టుకోని బతకతా ఉండారు. ఏడాది తిరిగేలోపల ఇంకో బిడ్డ వస్తాది. పచ్చి ఒళ్లు, ఏడవబాక."

మొగుణ్ణి అడిగి చూసింది. "యాడ పెట్టినారు?"

"ఆ మాట ఎత్తబాక," అని చెంచురామయ్య తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతను ఇంట్లో నిలవడమే మానేశాడు. కోతలు అయిపోయినా పొలం దగ్గరే ఉండేవాడు. అన్నానికి వచ్చినా తలెత్తేవాడు కాదు. నా మీద కోపం కాబోలు, బిడ్డను సరిగా మోయలేకపోయానని కాబోలు, అనుకుంది రాఘవమ్మ.

అడగడం మానేసింది. తినడం తగ్గించింది. ఒక్కోసారి పొట్ట మీద చెయ్యి వేసుకుని కదలిక కోసం వెతుక్కునేది. అసలు నేను బిడ్డను కన్నానా, లేక అదంతా నా భ్రమేనా అని అనుమానం వచ్చేది. ఎవరి నోటా వినపడని సంగతి జరిగినట్టా, జరగనట్టా? నీళ్లు చేదేటప్పుడు బావిలోకి తొంగి చూస్తూ అలాగే నిలబడిపోయేది. ఎవరో కేకేస్తే ఉలిక్కిపడి బిందె ఎత్తుకునేది. ఆ బావి ఆమెను రోజూ కొంచెం ఎక్కువసేపు నిలబెట్టుకుంటోందని ఎవరూ గమనించలేదు.

పక్కింటి చెంచులక్ష్మికి ఆడపిల్ల పుట్టింది. ఉయ్యాల వేడుకకు వీధంతా కదిలింది. రాఘవమ్మ కూడా చీర మార్చుకుంది.

"నువ్వు రాబాక," అంది అత్త, గడప దగ్గర ఆగి. "వాళ్లేమన్నా అనుకుంటారు."

ఏమనుకుంటారో రాఘవమ్మకు అర్థమైంది. కట్టుకున్న చీరతోనే గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కింట్లో పాడుతున్న పాట ప్రతి మాటా వినపడింది.

ఆ తర్వాత ఒకనాటి పొద్దున, చెంచులక్ష్మి బిడ్డను పందిరి కింద గుడ్డ ఉయ్యాలలో వేసి నీళ్లకు వెళ్లింది. కాసేపటికి బిడ్డ లేచి గుక్కపట్టింది. పెరట్లో బియ్యం చెరుగుతున్న రాఘవమ్మ చేతిలో చేట ఆగిపోయింది. ఇంకిపోయాయనుకున్న పాలు ఒక్కసారిగా పొంగి రవిక తడిసిపోయింది. చేట కింద పెట్టడం, దడి దాటడం, ఉయ్యాలలోంచి బిడ్డను తీసుకోవడం, ఏదీ ఆలోచించి చేసింది కాదు. పందిరి గుంజకు ఆనుకుని కూర్చుని రొమ్ము అందించింది. బిడ్డ గుటకలు వేస్తూ చిన్న గుప్పిట ఆమె రొమ్ము మీద ఆనించింది. ఆ కాసేపూ రాఘవమ్మ గుండెలోని బరువు దిగిపోయింది. బిడ్డ నుదుటి మీద చెమట కొంగుతో తుడిచింది.

"అయ్యయ్యో! నా బిడ్డ!"

బిందె పడేసి చెంచులక్ష్మి పరుగెత్తుకొచ్చింది. బిడ్డను లాక్కుంది. "తన బిడ్డను మింగింది చాలక నా బిడ్డ మీద పడిందే! రాండర్రా, చూడండర్రా!"

నిన్నటిదాకా వసారాలో కూర్చుని కబుర్లు చెప్పినవాళ్లే గుమిగూడారు. దయ్యం పట్టిందన్నారు. ఇన్నాళ్లూ ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నది అందుకేనన్నారు. రాఘవమ్మ తడిసిన రవికను కొంగుతో కప్పుకుని తల వంచుకు నిలబడింది. వెంకటశేషమ్మ ఆమెను చెయ్యి పట్టి ఈడ్చుకుపోయి గదిలో పెట్టి గొళ్లెం వేసింది.

మరునాడు ఉదయం భూతవైద్యుడు ముత్యాలయ్యను పిలిపించారు. వాకిట్లో ముగ్గు వేసి, జుట్టు విరబోసి, రాఘవమ్మను మధ్యలో కూర్చోబెట్టారు. ముత్యాలయ్య వేపమండతో ఆమె భుజాల మీద కొడుతూ అరిచాడు.

"ఎవురే నువ్వు? పేరు చెప్పు! యాడినుంచి వచ్చినావు?"

ముత్యాలయ్య బెత్తం అందుకున్నాడు. చెంచురామయ్య దూరంగా గడ్డివామి పక్కన, చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు.

అదే సమయానికి పక్కింట్లోంచి రెబెక్కమ్మ బయటికి వచ్చింది. నెల్లూరులో మిషన్ ఆసుపత్రిలో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసి, పక్కపాలెంలో ఉంటున్న పెద్దామె. బిడ్డకు ఏమయిందో చూడమని చెంచులక్ష్మి కబురు పెడితే వచ్చింది. బిడ్డ నిక్షేపంగా ఉందని చెప్పి, జరిగినదంతా విని, నేరుగా ఈ వాకిట్లోకి నడిచింది.

"ఆపయ్యా," అంది ముత్యాలయ్యతో. ఆ చుట్టుపక్కల జ్వరమొచ్చినా గాయమైనా అందరూ వెళ్లేది ఆమె దగ్గరికే. ముత్యాలయ్య బెత్తం దించాడు.

రెబెక్కమ్మ మోకాళ్లు పట్టుకుని మెల్లగా ముగ్గులోనే, రాఘవమ్మ పక్కన చతికిలబడింది. ఆమె వీపు మీద పడిన వేపాకులు ఏరిపారేసింది. తర్వాత అడిగింది.

"తల్లీ, నీకు పుట్టింది పాపా, బాబా?"

రాఘవమ్మ తలెత్తింది.

"తెలీదమ్మా," అంది. "నాకు ఎవురూ చెప్పలా."

పెంచలమ్మ మొహం తిప్పుకుంది. తొమ్మిది నెలలు మోసి కన్న తల్లికి, పుట్టింది ఆడో మగో కూడా తెలియదన్న సంగతి అక్కడున్న వాళ్లకు అప్పుడే తట్టింది.

గడ్డివామి దగ్గర నుంచి ఒక గొంతు వచ్చింది. అది చెంచురామయ్యదని గుర్తుపట్టడానికి క్షణం పట్టింది.

"ఆడబిడ్డ." అతను రెండడుగులు వేశాడు. "ఆడబిడ్డ రాఘవా. జుట్టు ఒత్తుగా ఉణ్ణింది. గడ్డం కింద నీకున్నట్టే నొక్కు. ఇసకలో పెట్టేముందు గుడ్డ తీసి చూసినా. కొంచేపు ఒళ్లో పెట్టుకున్నా. తప్పేమో అని ఎవురికీ చెప్పలా. నీకు చెప్తే నువ్వు బతకవన్నారు..."

అతను కూలబడిపోయి మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. వెంకటశేషమ్మ గాభరాపడింది. "ఒరే, మొగోడివి, నలుగుర్లో ఏందిరా ఇది? ఊరుకో!"

"ఊరుకోమనబాకమ్మా," అంది రెబెక్కమ్మ. "ఊరుకోమని ఊరుకోమనే కదా ఆ పిల్లను ఇంతకు తెచ్చినారు. ఆమెకు దయ్యం పట్టలా. బిడ్డ పోయింది. బిడ్డ పోయిన తల్లి ఏడవద్దా? తండ్రికి మాత్రం కడుపు కాలదా? మీరంతా చూడ వచ్చినారు, కూర్చున్నారు, లోకంలో మాటలన్నీ మాట్లాడినారు. ఆ బిడ్డ మాట ఒక్కరన్నా అడిగినారా? మీరు మాట్లాడకుంటే ఆమె మరిచిపోదమ్మా. ఒంటరిదైపోతాది."

తర్వాత రాఘవమ్మ వైపు తిరిగి మెల్లగా అడిగింది. "ఏం పేరనుకున్నావు తల్లీ?"

"ఆడబిడ్డయితే మా అమ్మ పేరు పెట్టుకోవాలనుకున్నా. ప్రమీల." ఆ పేరు నోటి వెంట రాగానే ఊరంతా వినేలా, ఇన్నాళ్లూ దాచుకున్నదంతా బయటపడేలా ఏడ్చింది. ఈసారి ఎవరూ ఆపలేదు.

ఆ పూటే చెంచురామయ్య ఆమెను కండలేటి గట్టుకు తీసుకుపోయాడు. వెనక అత్త, రెబెక్కమ్మ, ఇంకొందరు నడిచారు. గట్టు అవతల ఇసుక మేట. అక్కడికి వెళ్లి చెంచురామయ్య నిలబడిపోయాడు.

"ఈడే పెట్టినా. నక్కలు తవ్వకుండా తుమ్మకంప కప్పినా..."

కంప లేదు. ఎవరో పొయ్యిలోకి ఏరుకుపోయారు. వేసవి గాలికి దిబ్బ చదునైపోయింది. ఎటు చూసినా ఒకటే ఇసుక. "ఈడ... కాదు, ఆ పక్కన..." అంటూ అతను అటూ ఇటూ పరుగెత్తాడు. మోకాళ్ల మీద పడి చేతులతో తడిమాడు. గుర్తు దొరకలేదు. చివరకు రెండు చేతులతో నెత్తి బాదుకున్నాడు.

రాఘవమ్మ అతని చేతులు పట్టుకుంది. తర్వాత ఆ ఇసుక మీద బోర్లా పడి, చేతులు చాచి, ఎక్కడుందో తెలియని బిడ్డను పేరు పెట్టి పిలిచింది. ఎండ మాడుస్తోంది. "చాల్లేమ్మే, పచ్చి ఒళ్లు..." అనబోయి వెంకటశేషమ్మ మాట మింగేసింది. కొంగు కోడలి తలకు నీడ పట్టి పక్కన కూర్చుంది. కాసేపటికి ఆమె కూడా "నా మనవరాలా" అని ఏడ్చింది.

చెంచులక్ష్మి దూరాన గట్టు మీదే నిలబడి ఉంది. నిన్న తాను అన్న మాట ఆమెను ముందుకు కదలనివ్వలేదు. చివరకు వచ్చింది. రాఘవమ్మ పక్కన ఇసుకలో కూర్చుని, కళ్లెత్తి చూడలేక అడిగింది.

"అక్కా, పాప ఎట్టా ఉణ్ణిందంట?"

రాఘవమ్మ ఇసుక అంటిన మొహం ఎత్తి ఆమెను చూసింది. "జుట్టు ఒత్తుగా ఉణ్ణిందంట," అంది. "గడ్డం కింద నొక్కంట." చెప్తూ మళ్లీ ఏడ్చింది. చెంచులక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుంది గాని ఏడవబాక అనలేదు.

రాఘవమ్మ దుఃఖం ఆనాటితో తీరిపోయిందని చెప్పడం అబద్ధం. అది తీరేది కాదు. కాని ఆనాటి నుంచి అది ఆమె ఒక్కదానిదిగా మిగల్లేదు. అయ్యా, అమ్మా, రేపు మీరొక చావు జరిగిన ఇంటికి వెళ్తారు. అక్కడ పోయినవారి మాట దాచకండి, పేరు పెట్టి అడగండి. ఏడ్చేవారిని ఏడవనిచ్చి, వారి పక్కన కూర్చోండి.