నూకరత్నము లైసెన్సు పరీక్ష

మాఘమాసపు కడపటి దినములయందు శారదానదీతీరమున చెరకుతోటలు సగము నరకబడి సగము నిలిచి గాలికి గలగలలాడుచుండగా బెల్లపు పెనములనుండి లేచిన మధురధూమము ప్రభాతహిమముతో గలిసి పల్లెలనావరించుచుండగా పొలములపై సాగిన విద్యుత్తీగలమీద పసులపోలిగాడు పిట్టలు వరుసదీరి బాలభానుకిరణములకు రెక్కలార్చుకొనుచుండెను. ఆ తీగలు పక్షులకు నిర్భయాసనములు. మనుష్యులకు కావు.

అట్టి పల్లెలలో నొకదానియందు సింహాద్రి యను కూలివాడు గలడు. లైన్‌మన్ల వెంట బోయి స్తంభములెక్కుట యతని జీవనము. పండ్రెండేండ్ల క్రిందట “లైను ఆపేసినార్రా, ఎక్కు” అని క్రిందనుండి యొకడు పలికిన పలుకు నమ్మి యెక్కి కుడిచేతిని మోచేతివరకు గోల్పోయెను. లైసెన్సు లేనివాడగుటచే నాతని చేయి పోయినట్లు ప్రభుత్వపు వ్రాతలలో నెచ్చటను లేదు. ఆతని కూతురు నూకరత్నము ఇంటరు ముగించినంతనే తాను వైర్‌మన్ లైసెన్సు సంపాదింతునని పట్టుబట్టెను.

ఆమె మేనమామ యప్పలకొండ విద్యుత్పనుల గుత్తేదారు. లైసెన్సు గలవారి పేరు లేనిదే పనులు దక్కవు గనుక నాతడు మేనకోడలి సంకల్పము విని మిక్కిలి సంతసించి తరగతికి రాకున్నను నెల తిరుగకుండ సర్టిఫికెట్టునిచ్చు పట్టణపు ప్రైవేటు సంస్థ దరఖాస్తును గొనివచ్చెను. నూకరత్నము మాత్రము పండ్రెండు మైళ్ల దూరమున నున్న ప్రభుత్వ ఐ.టి.ఐ. దరఖాస్తును నింపుచుండెను.

“ఏటే గుంటా, రెండేళ్లు బస్సులో ఊగుకుంటా ఎల్లి ఆ రేకుల షెడ్డులో ఏటి నేర్సుకుంటావు? ఇక్కడ సంతకం ఎట్టు. పేరు నీది, పని మా ఓళ్లది. సీర నలగకుండా ఇంటికాడ కూకో.”

“స్తంబం ఎక్కినోడికి ఏటైనా అయితే ఆ పేరు నాదే గదా మావా? నా పేరు అద్దెకివ్వను.”

“ఆడపిల్ల స్తంబాలెక్కితే ఊరు నవ్వుద్దే!”

“నవ్వనీ. కిందనుంచే గదా నవ్వుతారు!”

అప్పలకొండ నాటినుండి యా గడప ద్రొక్కలేదు. ఆమె రెండు సంవత్సరములు ఆ రేకుల షెడ్డునందు మండుటెండలకు మాడుచు ఇరువదిమంది యువకుల నడుమ నొంటరిగా నిలిచి తీగలు బిగించుటయు మోటారు చుట్టుటయు నేర్చెను. అచ్చటి శిక్షకుడు మితభాషి. తీగ ముట్టకమునుపు ఫ్యూజులను స్వయముగా బెరికి తన నడుమునకు గట్టిన సంచిలో వేసికొనని శిష్యుని నాతడా దినమెల్ల పని ముట్టనిచ్చెడివాడు కాడు.

పరీక్షాదినము వచ్చెను. గోడకున్న పాత బోర్డు నూడదీసి క్రొత్తదానిని గంటలోపల బిగించి మోటారు తిప్పవలెను. అభ్యర్థులు నలుగురు. ముప్పదియేండ్ల యనుభవము గలిగి తన మాటకు తిరుగులేదని నమ్మిన పరీక్షాధికారి గడియారము జూచి “సప్లై ఆపించేశాను. మొదలుపెట్టండి” అని పలికినంతనే మువ్వురును స్క్రూడ్రైవరులు గైకొని బోర్డులపై వ్రాలిరి. నూకరత్నము వసారాకు బోయి తన గోడకు జెందిన మూడు పింగాణి ఫ్యూజులను బెరికి సంచిలో వేసికొని వానికి విద్యుత్తును దెచ్చు తీగలకు పరీక్షాదీపము నంటించి చూచి వచ్చెను.

దీపము వెలుగలేదు. అధికారి పలుకు సత్యము. ప్రక్కగోడవాడు ఫక్కున నవ్వెను.

“ఏమ్మా! నేను ఆపానని చెప్పాక కూడా దీపం పెట్టి చూడాలా? వెళ్లి ఫ్యూజులు పెట్టిరా. ఇది పరీక్ష, అనుమానాల దుకాణం కాదు.”

“మీ మాట అబద్దమని కాదండి. మీ మాటని సేతికి తొడుక్కోలేను గదండి.”

“ఫెయిలని రాసేస్తాను.”

“రాసుకోండి. పనయ్యేదాకా ఫ్యూజులివ్వను.”

అధికారి ముఖము జేవురించెను. ఆమె యాతనివంక మరల జూడక పని కుపక్రమించెను. నలువది నిమిషములు గడచెను. అకస్మాత్తుగా ప్రక్కగోడనుండి నీలజ్వాల యొకటి చిటిలి ఫక్కున నవ్వినవాడే కెవ్వున నరచి వెనుకకు విరుచుకొనిపడెను. తక్కినవారు స్తంభించిరి. నూకరత్నమొక్క పరుగున వసారా జేరి మెయిన్‌స్విచ్చును క్రిందికి లాగెను.

అచ్చట వృద్ధుడైన యటెండరు టీ గ్లాసుతో నిలిచియుండెను. “అయ్యగోరి గదిలో ఫేను తిరగట్లేదని నానే ఏసినానమ్మా!”

పడినవాని వ్రేళ్లు కమలెను గాని ప్రాణము దక్కెను. ఆతని నాసుపత్రికి గొనిపోయిరి. మిగిలిన యిరువురును ఇక బోర్డులను ముట్టబోమనిరి. పాలిపోయిన ముఖముతో నధికారి “ఇవాళ్టికి పరీక్ష ఆపేద్దామమ్మా” అనెను.

“నాకింకా పదకొండు నిముసాలున్నాయండి. ఆ స్విచ్చుకాడ ఎవులైనా నిలబడాల.”

అధికారి యొక్కక్షణము తలవంచి పిదప నటెండరును బిలువక తానే బోయి యెండ పడు వసారాలో స్విచ్చు నానుకొని ద్వారపాలకునివలె నిలిచెను. ఆమె కడపటి మర బిగించునంతవరకు నాతడు కదలలేదు.

“ఇప్పుడు వెయ్యమంటావా?”

“ఉండండి. నాను సెప్తాను.”

ఆమె ప్రతి తీగను మరియొకమారు లాగి చూచెను. తదనంతరము ఫ్యూజులను స్వహస్తముతో నమర్చి తలయూపగా నాతడు స్విచ్చు నెత్తెను. మోటారు గిర్రుమని తిరిగెను. ఆ దినమున నుత్తీర్ణుల పట్టికయం దొక్క పేరే వ్రాయబడెను.

పెద్దల పలుకు గౌరవింపదగినదే. కాని యది పలికిన క్షణమున సత్యమై మరుక్షణమున నసత్యము కావచ్చును. మర్యాదకై తలవంచుటకు లోకమున స్థలములు వేయి గలవు. తీగయెదుట మాత్రము వంచరాదు. ఎదుట నున్నది యెవ్వరి చేయి యని యది యెన్నడును విచారింపదు.